ఒకరి వల్ల కానిది ఏడుగురి వల్ల అవుతుందా?



ప్రియ పాఠకులారా! ఈ నెల కొత్త విషయం ఎత్తుకోవడానికి ముందు మేము ఒక బాకీ తీర్చుకోవలసి ఉంది. గత సంచికలో ఇదే శీర్షిక కింద వెలుగును గురించి రాస్తూ మేము ఒక పొరపాటు చేశాము. దానిని ఒక పాఠకురాలు ఎత్తిచూపారు. ఆమె డిగ్రీలో భౌతికశాస్త్రం చదువుతున్న అమ్మాయి. ఉత్తరంలో తన పేరు రాయలేదు. ఎందుకు రాయలేదో మాత్రం రాసింది. “పెద్దలకు, అందులోనూ ఒక ఉస్తాద్‌కు, తప్పు చూపడం అదబు కాదని మా నాన్నగారు అన్నారు. అయినా మా తమ్ముడు మీ వ్యాసాన్ని బడిలో చదివి వినిపించబోతున్నాడు. అందుకే రాయక తప్పలేదు” అన్నది ఆమె మాట.

ఆ అమ్మాయి చెప్పినది నిజం. తప్పు మాది. గత నెల మేము రాసినది ఇది: “పరమాణువులోని ఎలక్ట్రాన్‌ను వెలుపలికి లాగాలంటే వెలుగులోని ఒక్కొక్క కణానికీ తగినంత శక్తి ఉండాలి. ఎర్రని కాంతిని ఎంత తీవ్రంగా, ఎన్ని ఏళ్లు కురిపించినా ఫలితం ఉండదు.” ఈ రెండు వాక్యాలలో రెండవది సరికాదు. పాత పాఠ్యపుస్తకం మాటను మేము యథాతథంగా అప్పజెప్పాము. లేజర్ వచ్చిన తరువాత ఆ మాట నిలవలేదు. ఎలా నిలవలేదో, దానిని కనుగొన్నవారెవరో ఈ నెల వివరిస్తాము.

నూతిలోని చేద

మొదట సగం నిజాన్ని చూద్దాము. 1887లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ ఒక వింతను గమనించారు. అతినీలలోహిత కాంతి లోహం మీద పడినప్పుడు విద్యుత్ నిప్పురవ్వ సులువుగా దూకుతోంది. ఆ కాంతి లోహం నుండి ఎలక్ట్రాన్లను వెలికి తీస్తోందని తరువాత తెలిసింది. 1902లో లెనార్డ్ అనే మరో శాస్త్రజ్ఞుడు ఇంకొక సంగతి బయటపెట్టారు. వెలుగు తీవ్రతను పెంచితే బయటికి వచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుంది గాని, ఒక్కొక్క ఎలక్ట్రాన్ వేగం పెరగదు. 1905లో ఐన్‌స్టీన్ దీనికి కారణం చెప్పారు. వెలుగు విడివిడి ముద్దలుగా శక్తిని అందిస్తుంది. ఆ ముద్దనే నేడు ఫోటాన్ అంటున్నాము. నీలి కాంతి ఫోటాన్‌లో శక్తి ఎక్కువ, ఎర్ర కాంతి ఫోటాన్‌లో తక్కువ. ఒక ఫోటాన్ ఒక ఎలక్ట్రాన్‌ను తాకుతుంది. శక్తి చాలితే ఎలక్ట్రాన్ బయటపడుతుంది, చాలకపోతే లేదు. 1921వ సంవత్సరపు నోబెల్ బహుమతి ఐన్‌స్టీన్‌కు ప్రధానంగా ఈ వివరణకే లభించింది.

మన ఇళ్లలోని పెద్దలకు నూతి లెక్క బాగా తెలుసు. పరమాణువును ఒక నుయ్యి అనుకుందాము. ఎలక్ట్రాన్ ఆ నూతి అడుగున ఉన్న చేద. పరమాణువుల శక్తిని శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ వోల్టులలో కొలుస్తారు. ఒక ఎలక్ట్రాన్ వోల్టును ఒక మూర అనుకుందాము. అప్పుడు జినాన్ అనే వాయువు నుయ్యి 12.13 మూరల లోతు. క్రిప్టాన్ 14 మూరలు, ఆర్గాన్ 15.76, నియాన్ 21.56, హీలియం 24.59. మూలకాలన్నిటిలోనూ హీలియం నుయ్యే అన్నిటికంటే లోతైనది.

ఈ అయిదింటినీ జడ వాయువులనీ, ఉత్కృష్ట వాయువులనీ అంటారు. వీటి పరమాణువులలో ఎలక్ట్రాన్ల వరుసలు నిండుగా ఉంటాయి. అందుచేత ఇవి ఇతరులతో కలవక ఒంటరి పరమాణువులుగానే తిరుగుతుంటాయి. ఒక్క పరమాణువుకు ఏమవుతుందో చూడదలచిన శాస్త్రజ్ఞునికి ఇంతకంటె అనువైనవి లేవు. అంటుకొని ఉన్న బంధువులు లేరు గనుక లెక్క చిక్కుపడదు.

హీలియంతో మన ప్రాంతానికి ఒక పాత చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రాన్సు దేశస్థుడు జాన్సెన్ గుంటూరులో దుర్భిణి నిలిపి సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించారు. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పాగ్సన్ అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో పరిశీలించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో లాక్యర్ సూర్యకాంతిలోని ఒక పసుపుపచ్చ గీతను పరిశీలించి, అది నేల మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని గుర్తించారు. గ్రీకు భాషలో సూర్యుని పేరు మీదుగా దానికి హీలియం అని పేరు వచ్చింది. 1895లో రామ్సే దానిని భూమి మీద ఒక ఖనిజం నుండి రాబట్టారు. గుంటూరులో గ్రహణాన్ని చూసినవారి మనుమల కాలానికి అది నేల మీద దొరికే వస్తువైంది.

పుస్తకం ఎక్కడ ఆగిపోయింది?

ఇప్పుడు లెక్క చూడండి. ఎర్రని రూబీ లేజర్ కాంతిలో ఒక ఫోటాన్ బలం 1.79 మూరలు. జినాన్ నుయ్యి 12.13 మూరలు. ఒక్క ఫోటాన్ చేదను రెండు మూరలు కూడా లేపలేదు. నూతి మధ్యలో మెట్టు లేదు, చేద ఆనుకొని నిలిచే గట్టు లేదు. లేచినది లేచినట్టే మరుక్షణం అడుగుకు జారుతుంది. మామూలు దీపం నుండి వచ్చే ఫోటాన్లు ఒకదాని వెనుక ఒకటి ఎంతో ఎడంగా వస్తాయి. రెండవది వచ్చేసరికి మొదటిదాని శ్రమ వృథా అయిపోయి ఉంటుంది. కనుక దీపం వెలుతురు వరకు పుస్తకం చెప్పినది సరైనదే.

అయితే ఏడు ఫోటాన్లు ఒకే రెప్పపాటులో వచ్చి తాడు పట్టుకుంటే? ఏడు మార్లు 1.79 అంటే 12.53. నుయ్యి 12.13. చేద గట్టు దాటుతుంది.

ఆలోచన ఇంత చిన్నది. కాని దీనిని మొదట గణితంలో పెట్టినవారు ఒక యువతి. జర్మనీలో గ్యోటింగెన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన మరియా గోపర్ట్ మేయర్ రెండు ఫోటాన్లను ఒక పరమాణువు ఒకేసారి పుచ్చుకోగలదని 1931లో సిద్ధాంతీకరించారు. దానిని పరీక్షించడానికి తగిన వెలుగు ఆనాడు లోకంలో ఎక్కడా లేదు. ఆమె తరువాత అమెరికాకు వెళ్లి, ఎన్నో ఏళ్లు జీతం లేకుండానే విశ్వవిద్యాలయాలలో పని చేశారు. భర్త ఆచార్యునిగా ఉన్నచోట భార్యకు ఉద్యోగం ఇవ్వరాదన్న నియమం అందుకొక కారణం. పరమాణు కేంద్రకం మీద చేసిన వేరొక పరిశోధనకు 1963లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

1960 మే నెలలో అమెరికాలో మైమన్ మొదటి లేజర్‌ను వెలిగించారు. లేజర్ వెలుగులో ఫోటాన్లు కలిసి అడుగు వేస్తాయి. ఒకే రంగు, ఒకే దిశ, ఒకే లయ. దానిని కటకంతో సూదిమొన అంత చోటికి కుదించి, అతి స్వల్పకాలంలోకి నొక్కితే ఫోటాన్ల రద్దీ ఊహకందనంతగా పెరుగుతుంది. మరుసటి సంవత్సరమే కైజర్, గారెట్ అనే శాస్త్రజ్ఞులు రెండు ఫోటాన్ల కలయికను ఒక స్ఫటికంలో చూశారు. గోపర్ట్ మేయర్ లెక్క ముప్పై ఏళ్ల తరువాత నిజమైంది. 1965లో మాస్కోలోని లెబెదెవ్ సంస్థలో వొరొనోవ్, డెలోన్ ఎర్రని రూబీ లేజర్‌ను జినాన్ వాయువు మీద ప్రయోగించి ఎలక్ట్రాన్లను బయటికి రప్పించారు. మాకు ఉత్తరం రాసిన అమ్మాయి చూపిన ఆధారం ఇదే. మేము “ఎన్ని ఏళ్లు కురిపించినా” అని రాసిన ఎర్ర కాంతి, మేము పుట్టడానికి ముందే ఆ పని చేసి చూపింది.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. మామూలు వెలుగులో తీవ్రత రెండింతలైతే ఎలక్ట్రాన్లు రెండింతలవుతాయి. ఏడుగురు కలిసి లాగే పనిలో అలా కాదు. రద్దీ రెండింతలైతే ఏడుగురు ఒకేచోట కలిసే అవకాశం, ఈ సిద్ధాంతం ప్రకారం, రెండును ఏడుమార్లు గుణించినంత, అంటే 128 రెట్లు పెరుగుతుంది. అందుకే బలహీనమైన వెలుగులో ఈ సంగతి ఎవరి కంటా పడలేదు.

గట్టు దాటినా ఆగని చేద

1979లో ఫ్రాన్సులోని సక్లే పరిశోధనాలయంలో పియేర్ అగొస్తినీ, ఆయన సహచరులు జినాన్ మీద ఆకుపచ్చ లేజర్‌ను ప్రయోగించారు. ఆకుపచ్చ ఫోటాన్ బలం 2.33 మూరలు. ఆరు ఫోటాన్లు చాలు. ఆరు కలిస్తే 13.98 అవుతుంది. నుయ్యి లోతు పోగా మిగిలిన శక్తితో ఎలక్ట్రాన్ పరుగెత్తాలి. అలా పరుగెత్తిన ఎలక్ట్రాన్లు కనబడ్డాయి. అయితే వాటితోపాటు ఇంకొక గుంపు కూడా కనబడింది. వాటి శక్తి సరిగ్గా ఇంకొక ఫోటాన్ అంత ఎక్కువ. అంటే బయటపడడానికి ఆరు చాలినా, కొన్ని ఎలక్ట్రాన్లు ఏడవదానిని కూడా పుచ్చుకొని బయలుదేరాయన్నమాట. అవసరానికి మించి పుచ్చుకుంటాయని అంతకుముందు ప్రయోగంలో ఎవరూ చూడలేదు.

వెలుగు ఇంకా తీవ్రమైతే నూతి ఉపమానమే మారిపోతుంది. వెలుగు అనేది నిజానికి ఊగుతున్న విద్యుత్ క్షేత్రం. చదరపు సెంటీమీటరుకు ఒక కోటి కోట్ల వాట్ల తీవ్రత గల లేజర్‌ను ఊహించండి. నేల మీద పడే నిండు ఎండ తీవ్రత చదరపు సెంటీమీటరుకు వాటులో పదవ వంతు మాత్రమే. అటువంటి లేజర్‌లో విద్యుత్ క్షేత్రం మీటరుకు సుమారు 2,700 కోట్ల వోల్టులు ఉంటుంది. కేంద్రకం తన ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచే బలంతో అది పోటీకి దిగుతుంది. నూతి ఒర ఒకవైపు వంగిపోయి పలుచని గోడగా మిగులుతుంది. ఆ గోడను ఎక్కి దాటే బలం ఎలక్ట్రాన్‌కు లేదు. కాని క్వాంటం లోకంలో ఎలక్ట్రాన్ ఒక బిందువు వలె గాక అల వలె వ్యాపించి ఉంటుంది. ఆ అల అంచు పలుచని గోడకు అవతల కూడా కొంత ఉంటుంది. కనుక కొన్ని ఎలక్ట్రాన్లు గోడను ఎక్కకుండానే, సొరంగం తవ్వుకొని పోయినట్టు, అవతల తేలుతాయి.

ఏడుగురు కలిసి లాగడమూ, గోడలో సొరంగమూ వేరువేరు సంగతులు కావనీ, ఒకే సంగతికి రెండు ముఖాలనీ 1964లో సోవియట్ శాస్త్రజ్ఞుడు కెల్దిష్ గణితంలో నిరూపించారు. క్షేత్రం బలహీనమై వడివడిగా ఊగితే మొదటి ముఖం, బలంగా నిదానంగా ఊగితే రెండవ ముఖం. ఆయన ఇచ్చిన కొలత నేటికీ పరిశోధనాలయాలలో ఆయన పేరుతోనే వాడుకలో ఉంది.

పుట్టింటికి తిరిగి వచ్చే ఎలక్ట్రాన్

బయటపడిన ఎలక్ట్రాన్ కథ అంతటితో ముగియదు. వెలుగు ఊగుతోంది గదా! పరిశోధనలలో తరచుగా వాడే 800 నానోమీటర్ల లేజర్‌లో ఒక ఊపుకు పట్టే కాలం 2.7 ఫెమ్టోసెకండ్లు. సెకనును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ పది భాగాలు చేస్తే అందులో ఒకటి ఫెమ్టోసెకండు. ఆ ఊపులో సగం కాగానే క్షేత్రం దిశ మార్చుకుంటుంది. దూరంగా లాగిన చేయే వెనుకకు నెడుతుంది. కొన్ని ఎలక్ట్రాన్లు తాము విడిచివచ్చిన పరమాణువుకే తిరిగి వచ్చి, దానిలో కలిసిపోయి, దారిలో సంపాదించిన శక్తినంతా ఒక్క మెరుపుగా విడుస్తాయి. విడుదల, ప్రయాణం, తిరిగి చేరిక అనే ఈ మూడు అంకాల వివరణను 1993లో కెనడాలో పాల్ కోర్కమ్, అమెరికాలో కులాండర్, ఆయన సహచరులు అందించారు.

ఆ మెరుపులను అంతకు ముందే చూసినవారు ఉన్నారు. 1987లో సక్లే పరిశోధనాలయంలో ఆన్ లూయిలియే, ఆమె సహచరులు పరారుణ లేజర్‌ను జడ వాయువుల గుండా పంపారు. మూలకాంతికి మూడింతలు, అయిదింతలు, ఏడింతలు, ఇలా బేసి సంఖ్యల రెట్లు పౌనఃపున్యం గల కాంతి వెలువడింది. రెట్లు పెరిగే కొద్దీ కాంతి త్వరత్వరగా సన్నగిల్లాలి. అలా జరగలేదు. కొంత తగ్గి, ఆ తరువాత చాలా దూరం సమానంగా నిలిచింది. ఆ నిలకడ వెనుక ఉన్నది తిరిగి వచ్చే ఎలక్ట్రానే.

ఈ రంగానికి కావలసిన బలమైన లేజర్లు సాధ్యం కావడంలో మరొక స్త్రీ పాత్ర ఉంది. లేజర్ స్పందనను మరీ తీవ్రం చేస్తే అది తనను పెంచే పరికరాన్నే కాల్చివేస్తుంది. 1985లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో విద్యార్థినిగా ఉన్న డోనా స్ట్రిక్లండ్, ఆమె గురువు జెరార్ మూరూ ఒక ఉపాయం చేశారు. స్పందనను మొదట సాగదీసి పలుచన చేయాలి, తరువాత బలం పెంచాలి, చివర మళ్లీ కుదించాలి. ఆమె ప్రచురించిన మొదటి శాస్త్రీయ పత్రం అదే. 2018లో వారిద్దరూ నోబెల్ బహుమతిలో భాగం పొందారు. నేడు కంటి శస్త్రచికిత్సలలో వాడే అతిస్వల్పకాల లేజర్లు కూడా ఈ ఉపాయం మీదనే ఆధారపడ్డాయి.

తిరిగి వచ్చే ఎలక్ట్రాన్ల మెరుపులను పేర్చి 2001లో అగొస్తినీ బృందం ఒక్కొక్కటి 250 అట్టోసెకండ్ల కాంతి స్పందనల వరుసను చూపింది. అదే సంవత్సరం వియన్నాలో ఫెరెన్స్ క్రౌస్ బృందం 650 అట్టోసెకండ్ల ఒక్క స్పందనను విడిగా పట్టుకుంది. ఫెమ్టోసెకండులో వెయ్యవ వంతు అట్టోసెకండు. అంతటి కాలంలో వెలుగు సైతం ఒక పరమాణువు పొడవు మాత్రమే దాటగలదు.

సరిదిద్దినవారూ, సరిదిద్దబడినవారూ

ఇక్కడ మేము ఆ అమ్మాయి తండ్రిగారితో ఒక మాట మనవి చేయదలిచాము.

జనాబ్! 2010లో జర్మనీలోని గార్షింగ్‌లో క్రౌస్ బృందం నియాన్ వాయువు మీద ఒక ప్రయోగం చేసింది. నియాన్‌లో రెండు వేరు వరుసలలో ఉన్న ఎలక్ట్రాన్లను ఒకే అట్టోసెకండ్ స్పందనతో వెలికి తీస్తే, ఒక వరుసవి మరొక వరుసవాటి కంటే సుమారు 21 అట్టోసెకండ్లు ఆలస్యంగా బయలుదేరినట్టు కొలతలో తేలింది. అంతవరకు ఎలక్ట్రాన్ తక్షణమే బయటపడుతుందని అనుకుంటూ వచ్చారు. ఆ భావన చెదిరింది. కాని సిద్ధాంతకర్తలు లెక్క కట్టగా ఆలస్యం అందులో సగం కూడా రాలేదు. ఎందరు ఎన్ని విధాల లెక్క కట్టినా కుదరలేదు. ఏడు సంవత్సరాలు ఆ పొంతన లేనితనం అలాగే ఉండిపోయింది.

2017లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో ఆన్ లూయిలియే బృందం అదే ప్రశ్నను ఇంకా సన్నని జల్లెడతో పరిశీలించింది. ఒక ఎలక్ట్రాన్ బయటికి పోతూ తన తోటి ఎలక్ట్రాన్‌ను పై మెట్టుకు ఎగదోసే సంఘటనలు కొన్ని ఉన్నాయి. ఆ ఎలక్ట్రాన్ల శక్తి రెండవ వరుస ఎలక్ట్రాన్ల శక్తికి దగ్గరగా ఉంటుంది. పాత ప్రయోగంలో అవి కలగలిసిపోయి ఉండవచ్చునని ఈ బృందం సకారణంగా చూపింది. వాటిని వేరు చేసి కొలిస్తే కొలతా, సిద్ధాంతమూ ఒకదానితో ఒకటి సరిపోయాయి.

తరువాత ఏమి జరిగింది? 2023 అక్టోబరు 3న భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని ప్రకటించినప్పుడు అగొస్తినీ, క్రౌస్, లూయిలియే ముగ్గురి పేర్లూ ఒకే వరుసలో వినబడ్డాయి. సరిదిద్దినవారూ, సరిదిద్దబడినవారూ ఒకే గౌరవాన్ని పంచుకున్నారు. ఒకరు తప్పు చూపినందువల్ల మరొకరి గౌరవం తరగలేదు. భౌతికశాస్త్రంలో ఆ బహుమతి పొందిన స్త్రీలు అప్పటికి అయిదుగురే. వారిలో ముగ్గురి పేర్లు ఈ వ్యాసంలోనే వచ్చాయి. మీ అమ్మాయి ఏ దారిలో ముందు నడిచినవారి పక్కన నిలబడిందో గమనించండి.

ఆ రోజు లూయిలియే లుండ్‌లో తరగతిలో పాఠం చెబుతున్నారు. విరామంలో ఫోను చూసుకొని కబురు అందుకున్నారు. తిరిగి తరగతికి వెళ్లి మిగిలిన పాఠం పూర్తి చేశారు. చివరి అరగంట పాఠం చెప్పడం కొంచెం కష్టమైందని ఆమె తరువాత చెప్పారు. వృత్తిచేత ఉపాధ్యాయులమైన మాకు ఈ సంగతి బహుమతి కంటె ఎక్కువగా నచ్చింది.

వెలుగు విద్యలో ఈ అలవాటు కొత్తది కాదు. సుమారు వెయ్యి సంవత్సరాల క్రితం బస్రాలో పుట్టి కైరోలో పని చేసిన ఇబ్న్ అల్ హైసమ్ పేరు మన మద్రసాలలో గర్వంగా తలుచుకుంటాము. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువులను తాకడం వల్ల చూపు కలుగుతుందని ఆయనకు పూర్వపు మహాపండితులు కొందరు చెప్పారు. వెలుగే వస్తువుల నుండి కంటికి చేరుతుందని ఆయన ప్రయోగాలతో చూపారు. ఎంతగానో గౌరవించిన టాలెమీ సిద్ధాంతాల మీద సందేహాలను వివరిస్తూ విడిగా ఒక గ్రంథమే రాశారు. ఆయన పేరు చెప్పుకొని గర్వించే మనము, మన ఇంటిలోని పిల్ల ఒక సందేహం రాసి పంపితే పేరు దాచుకోమనడం సబబు కాదేమో ఆలోచించండి. మాట మెత్తగా ఉండాలి, నిజమే. మీ అమ్మాయి ఉత్తరం మెత్తగానే ఉంది. అదబుకు అంతకంటె ఏమి కావాలి?

మా సొంత బాకీ

ఇంతవరకు రాసి ముగించవచ్చును. కాని మనస్సు ఒప్పుకోవడం లేదు. ఈ ఉత్తరం మాకు ఒక పాత సంగతిని జ్ఞాపకం చేసింది.

సుమారు ఇరవై అయిదేళ్ల క్రితం మా మద్రసాలో సామాన్య విజ్ఞానం చెప్పడానికి వేరే ఉపాధ్యాయుడు లేక, అసర్ నమాజు తరువాత ఒక గంట ఆ పాఠం కూడా మేమే చెప్పేవారము. చేతిలో ఉన్నది పాత పాఠ్యపుస్తకం. ఒక సాయంత్రం ఇదే వాక్యాన్ని, ఎర్ర కాంతి వల్ల ఎలక్ట్రాన్ బయటికి రాదన్న వాక్యాన్ని, పిల్లల చేత రాయిస్తున్నాము. వెనుక వరుసలో పదమూడేళ్ల పిల్లవాడొకడు లేచాడు. “హజ్రత్! ఒక్కటి వచ్చి లాగితే చాలకపోతే, నాలుగైదు కలిసి ఒక్కసారిగా వచ్చి లాగితేనో?” అని అడిగాడు.

పాఠకులారా, ఆ ప్రశ్నలో ఎంత ఉందో ఇప్పుడు మీకు తెలుసు. గోపర్ట్ మేయర్ వేసుకున్న ప్రశ్న అది. మాస్కోలో జవాబు దొరికిన ప్రశ్న అది. ఆనాడు మాకు తెలియదు. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. మేము ఆ మాట చెప్పలేదు. “పుస్తకంలో లేనిది అడగకు, కూర్చో” అన్నాము. తరగతి నవ్వింది. మేమూ నవ్వాము. ఆ పిల్లవాడు కూర్చున్నాడు. ఆ తరువాత మా తరగతిలో అతను లేచి అడగగా మేము చూడలేదు. మరుసటి సంవత్సరం చదువు మానుకున్నాడు. ఇంటి పరిస్థితులు అందుకు కారణమని అందరూ అన్నారు. అది నిజమే కావచ్చు. కాని అందులో మా వంతు ఎంతో మాకు ఎవరు చెబుతారు?

అతను ఇప్పుడు మా ఊరిలోనే మోటార్లు బాగు చేసే దుకాణం నడుపుతున్నాడు. ఉత్తరం అందిన వారం జుమా నమాజు తరువాత మేము ఆ దుకాణానికి వెళ్లాము. అతను కాలిపోయిన మోటారు నుండి పాత తీగ చుట్టలు లాగి తీస్తున్నాడు. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకొని లేచి సలాము చేశాడు. వచ్చిన పని చెప్పాము. ఆనాటి మాటకు క్షమాపణ కోరాము.

“నాకు జ్ఞాపకం లేదు హజ్రత్” అన్నాడు. కొంతసేపు ఊరకున్నాడు. చేతిలోని తీగను మడిచి పక్కన పెట్టాడు. తరువాత, “అయితే ఎంతమంది కలవాలి హజ్రత్?” అన్నాడు.

“జినాన్‌కు ఏడుగురు” అన్నాము.

“మరి ఒక ఎలక్ట్రాన్ పోయిన పరమాణువు సంగతి ఏమవుతుంది? అది మళ్లీ నిండుతుందా?”

ఈసారి మేము కూర్చోమనలేదు. మేమే అతని పక్కన బల్ల మీద కూర్చున్నాము. ఎలక్ట్రాన్ పోయిన పరమాణువుకు ధనావేశం మిగులుతుందనీ, దారిన పోయే మరొక ఎలక్ట్రాన్‌ను ఎప్పుడో ఒకప్పుడు అది పట్టుకుంటుందనీ మాకు తెలిసినంత చెప్పాము. అతను ఇంకా మూడు ప్రశ్నలు వేశాడు. ఒకదానికి మాకు జవాబు తెలియలేదు. తెలియదనే చెప్పాము. అసర్ అజాన్ వినబడే వరకు అక్కడే ఉన్నాము. పేరు లేకుండా ఈ సంగతి రాసుకోవడానికి అతను అనుమతించాడు.

ఆ ఒక్క ప్రశ్నను ఇక్కడ రాస్తున్నాము: గోడలో సొరంగం గుండా పోయే ఎలక్ట్రాన్‌కు ఆ సొరంగంలో ఎంత కాలం పడుతుంది? ఇది మోటారు దుకాణంలో పుట్టిన ప్రశ్నే గాని, పెద్ద పెద్ద పరిశోధనాలయాలలో కూడా దీని మీద వాదం నడుస్తూనే ఉంది. పేరు రాయని మా పాఠకురాలు దీని గురించి చదివి మాకు రాస్తే వచ్చే సంచికలలో ఒకదానిలో ప్రచురిస్తాము. తండ్రిగారు అనుమతిస్తే ఈసారి పేరుతోనే ప్రచురిస్తాము.

ఆమె తమ్మునికి ఒక మాట: బాబూ, బడిలో చదివి వినిపించదలిస్తే గత నెల వ్యాసం వద్దు, ఇది వినిపించు. ఎవరైనా ప్రశ్న అడిగితే మీ అక్కయ్యను అడిగి చెప్పు.

వస్సలాం.